గీతకు గొంతు కావాలి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగానికి వ్రాతరూపం)



నేను వక్తను కాను. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఇతరులు చెప్పినది వ్రాసుకోవడమే గాని, నలుగురి ముందు నిలబడి చెప్పింది లేదు. కార్యదర్శిగారు మాత్రం "డి.ఏ. బకాయిల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారండీ, మీరు మరేదైనా చెప్పండి" అన్నారు. అందుకని మనకు అలవాటైన కాగితం గురించీ, అంతగా అలవాటు లేని సంగీతం గురించీ కలిపి నాలుగు మాటలు మనవి చేస్తాను. పాటను గీతల్లోకి దింపడం, ఆ గీతలే చూడముచ్చటైన బొమ్మ కావడం, ఆ బొమ్మను చూసి మళ్ళీ పాడటం - ఇదీ నా విషయం. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని చివర ఒప్పుకుంటాను.

ముందు మనందరికీ తెలిసిన సంగతి. ఏడాదికొకసారి మనం బతికే ఉన్నామని కాగితం మీద నిరూపించుకుంటున్నాం కదా! సర్వీసు రిజిస్టరులో పేరు ఉంది, పి.పి.ఓ. నెంబరు ఉంది, ఫోటో ఉంది. అయినా మనిషి వచ్చి వేలిముద్ర వేస్తే తప్ప ఆ కాగితాలకు ప్రాణం లేదు. పాట సంగతీ అంతే. ఎంత చక్కగా వ్రాసిపెట్టినా, పాడే మనిషి హాజరు కావాలి.

మనలో షార్ట్‌హ్యాండ్ నేర్చినవాళ్ళు ఉన్నారు. పిట్‌మన్ పద్ధతిలో సన్నగీతకు ఒక శబ్దం, అదే గీతను ఒత్తి లావుగా గీస్తే మరో శబ్దం. బయటివాళ్ళకు అది కోడి కెలికినట్టు ఉంటుంది. నేర్చినవాడికి అదే ఆఫీసరుగారి గొంతు. అయితే ఒకరు హడావిడిగా వ్రాసుకున్న నోట్సును పక్కసీటు స్టెనో చదవబోతే ఎంత తిప్పలు పడేవాడో మనకు తెలుసు. గీతలో సగమే ఉంటుంది. మిగతా సగం గీసినవాడి జ్ఞాపకంలో ఉంటుంది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే నేను చెప్పబోయేదంతా సులువుగా అర్థమవుతుంది.

మన దేశంలో పాటను గీతల్లో నిలపాలన్న ఆలోచన చాలా పాతది. తమిళనాడులో పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై అనే ఊళ్ళో కొండరాతి మీద ఒక శాసనం ఉంది. సుమారు 7వ శతాబ్దపుదంటారు. దానం లేదు, యుద్ధం లేదు, ఉన్నవన్నీ స్వరాలే! గ్రంథ లిపిలో, నాలుగేసి స్వరాల గుంపులుగా చెక్కారు. స్వరాక్షరాలకు అ, ఇ, ఉ, ఎ అచ్చులు మార్చి వ్రాశారు. రుద్రాచార్యుని శిష్యుడైన ఒక రాజు చేయించాడని ఆ శాసనమే చెబుతుంది. రాయి నిలిచింది. దాన్ని ఏ తీరున పాడాలో చెప్పగల శిష్యపరంపర మాత్రం నిలవలేదు. అందుకే దాన్ని ఎలా పాడాలన్న దాని మీద పండితులు ఈనాటికీ ఒక్కమాట మీద లేరు.

మన తిరుమలలో తాళ్ళపాక వారి రాగిరేకులు మరో ఉదాహరణ. రెండు వేలకు పైగా రేకుల మీద వేలకొద్దీ సంకీర్తనలు చెక్కించి, గుడిలోని ఒక చిన్న అరలో భద్రపరిచారు. పాటకు పైన రాగం పేరు ఉంటుంది. చాలావరకు స్వరం లేదు. 20వ శతాబ్దం తొలి భాగంలో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చేసరికి మాటలు చెక్కుచెదరలేదు, వరసలు మాత్రం ఎక్కువభాగం పోయాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి వారు వాటికి మళ్ళీ వరసలు కట్టారు. విజయనగరంలో సంగీతం చదువుకుని, మన విశాఖలో స్థిరపడి, 2014లో కన్నుమూసిన నేదునూరి కృష్ణమూర్తిగారు కూడా ఎన్నో సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. ఈరోజు మనం తన్మయులమై వింటున్న ఆ వరసలు అన్నమయ్య పాడుకున్నవి కావు. ఆయన మాటకు ఈ కాలపు పెద్దలు ఇచ్చిన గొంతులు. అందులో తప్పేమీ లేదు. కాని పోయినదేదో పోయిందన్న సంగతి కూడా మరువకూడదు.

ఇక మన ఉద్యోగులు గర్వంగా చెప్పుకోవలసిన పేరు ఒకటి ఉంది. ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారుగారు మద్రాసు సెక్రటేరియట్‌లో సూపరింటెండెంటుగా పనిచేసినవారు. క్రైస్తవులు. కర్ణాటక సంగీతం పాడేవాళ్ళతోనే పోతుందేమోనన్న బెంగతో, 1890లలో మన కృతులను పాశ్చాత్యుల అయిదుగీతల పద్ధతిలో వ్రాసి అచ్చు వేయించడం మొదలుపెట్టారు. ముత్తుస్వామి దీక్షితులవారి వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులుగారు కూడా తన విద్యను గ్రంథస్థం చేయడానికి ఆయన ప్రోద్బలం ఒక కారణం. అలా 1904లో ఎట్టయపురంలో వెలువడిన మహాగ్రంథమే "సంగీత సంప్రదాయ ప్రదర్శిని". తమిళదేశంలో అచ్చయిన ఆ పుస్తకం ఉన్నది మన తెలుగు లిపిలో!

ఆ పుస్తకం పేజీ ఒకటి నేను చూశాను. సంగీతం రానివాడిని గనుక బొమ్మను చూసినట్టే చూశాను. వరుసగా స రి గ మలు. వాటి నెత్తిన చిన్న చిన్న గుర్తులు. స్వరాన్ని ఊపవలసిన చోట కెరటంలాంటి గీత. ఒక స్వరం మీంచి పైకి జారవలసిన చోట ఒకవైపు వాలిన గీత, కిందికి జారవలసిన చోట రెండోవైపు వాలిన గీత. నొక్కుకు ఒక గుర్తు, విరుపుకు మరొకటి. అచ్చుకూటంలో ఆ గుర్తులకు అక్షరాలు సిద్ధంగా ఉండవు కదా! ఆ రోజుల్లో ఆ కంపోజింగు చేసినవాళ్ళకు దండం పెట్టాలి. గుర్తులు తీసేస్తే మిగిలేది స్వరాల హాజరుపట్టీ. గుర్తులు ఉంటేనే రాగం.

సరే, ఇది పాటను గీతగా మార్చడం. బొమ్మను పాటగా మార్చడం కూడా మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు ఉన్నాయి. ఖద్దరుగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, దాని మీద ఎర్రటి నేలరంగులో కథను వరసగా గడులు గడులుగా చిత్రిస్తారు. గజాలకొద్దీ పొడవుండే ఆ పటాన్ని ఊళ్ళో నిలబెట్టి, ఒక్కొక్క గడి విప్పుతూ కథకులు పాడతారు. పద్మశాలీలకు మార్కండేయుడి కథ పాడే కూనపులివారు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవారు - ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఒక్కొక్క పటం. పటంలో స్వరాలు ఉండవు, మాటలూ ఉండవు. కాని గాయకుడికి ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆపి మద్దతుగాడికి అందివ్వాలో ఆ గడులే చెబుతాయి. పటం పాతబడితే కొత్తది వ్రాయించుకునేవారు. పాడేవాడు లేకపోతే మాత్రం ఆ పటం గోడకు వేలాడే అలంకారం.

విదేశాల్లో ఇదే పని మరోదారిలో జరిగింది. ఈ భోగట్టా నాకు మా మనవరాలు చెప్పింది. అది ఇక్కడే చిత్రకళ చదువుకుంటోంది. ఎర్ల్ బ్రౌన్ అనే అమెరికా ఆయన 1952 డిసెంబరులో ఒక్క పేజీ సంగీతం వ్రాశాడు. అందులో స్వరాలు లేవు. అడ్డంగా, నిలువుగా, కొన్ని లావుగా కొన్ని సన్నగా గీతముక్కలు మాత్రం ఉన్నాయి. ఆ కాగితాన్ని ఎటు తిప్పి పట్టుకునైనా వాయించవచ్చు. కార్నీలియస్ కార్డ్యూ అనే ఇంగ్లండు ఆయన 1963 నుంచి 1967 వరకు కూర్చుని 193 పేజీలు గీశాడు. వలయాలు, రేఖలు, అంకెలు - వాటిని ఎలా వాయించాలో ఒక్క సూచన కూడా ఇవ్వలేదు. ఆయన గ్రాఫిక్ డిజైనరుగా కూడా పనిచేశాడట. ఇలాంటి దారులు వెతికినవాళ్ళలో పేరుపొందిన జాన్ కేజ్, 1946లో న్యూయార్కులో మన దేశపు గీతా సారాభాయిగారి దగ్గర భారతీయ సంగీతం గురించి పాఠాలు విన్నాడు. బదులుగా ఆవిడకు పాశ్చాత్య సంగీతం చెప్పాడు.

నేను మొదట నవ్వాను. "ఏ స్వరమో చెప్పకుండా గీతలు గీసి పాడుకోమనడం ఏమిటమ్మా, సంతకం లేని ఆర్డరులాగ!" అన్నాను. మనవరాలు నవ్వలేదు. "తాతయ్యా, అమ్మమ్మ చేసిందీ అదే కదా" అంది. నాకు నోట మాట రాలేదు.

ఇక్కడ నేను నా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఆవిడది ఈ గాజువాక చుట్టుపక్కల ఒక పల్లె. ఇప్పుడు ఆ పల్లె లేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. తర్వాత ఆ నేలలో చాలా ఊళ్ళు కలిసిపోయాయి. ఒకే వీధివాళ్ళు కొందరు పెదగంట్యాడ వైపు, కొందరు అగనంపూడి వైపు పునరావాస కాలనీలకు సర్దుకున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ జాబితాలు వ్రాసే పనికి నన్నూ వేశారు. ఇల్లు పెంకుటిల్లా పూరిల్లా, నూయి ఉందా, కొబ్బరిచెట్లు ఎన్ని, తాడిచెట్లు ఎన్ని, జీడిమామిడి ఎన్ని - గడి గడికీ లెక్క వ్రాశాను. నా లెక్కలో పొరపాటు పట్టినవాళ్ళు లేరు. ఆ ఊళ్ళలో ధనుర్మాసం నెలంతా వాకిట్లో ముగ్గేసి, గొబ్బెమ్మలు పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడుకునే పాటలు ఉండేవి. వాటికి నా జాబితాలో గడి లేదు. ఉండాలని నాకూ తోచలేదు.

1975లో మా పెళ్ళయింది. ఆవిడ తన వెంట రెండు నోటుపుస్తకాలు తెచ్చుకుంది. గొబ్బిపాటలు, జోలపాటలు, మంగళహారతులు - నలభైకి పైచిలుకు. ఆవిడ చదువు అయిదో తరగతి. సంగీతం చెప్పించుకున్నది లేదు. అయినా అక్షరాల మీద ఏవో గీతలు గీసుకునేది. చుక్కలు, మెలికలు, వంకీలు.

మన ఇళ్ళలోని ఆడవాళ్ళందరికీ తెలిసిన విద్యే అది. "పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు సందు చుక్క" అని ఒక్క ముక్క చెబితే చాలు, అది విన్న ఆడపిల్ల వాకిలంతా నింపేస్తుంది. చుక్కలు ముందు లెక్కగా పెట్టి, తర్వాత గీతను ఆ చుక్కల మధ్య నుంచి చేయి ఎత్తకుండా తిప్పుకొస్తారు. మా ఆవిడ పాటకు కూడా ఆ లెక్కే వాడింది. చప్పట్లు పడే చోట చుక్క. గొంతు తిరిగే చోట ముగ్గులో వేసే మెలిక. మెలిక అనే మాట ముగ్గుకూ ఉంది, గొంతుకూ ఉంది. ఇది నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది.

1988లో మేము గాజువాకలో సొంత ఇల్లు కట్టుకున్నాం. సామాను సర్దుతుంటే ఆ నోటుపుస్తకాలు కనబడ్డాయి. కాగితం పచ్చబడింది, అంచులు చెదలు తిన్నాయి. ఆవిడను సంతోషపెడదామని నెలరోజులు సాయంత్రాలు కూర్చుని, తెలుగు టైపుమిషను మీద పాటలన్నీ ఫెయిర్ కాపీ తీశాను. ఒక్క అచ్చుతప్పు లేదు. క్యాలికో బైండింగు చేయించాను. ఆవిడ తిరగేసి చూసి, "ఏటండీ, పైన గీతలు రాయలేదేటి?" అంది. "అవి అక్షరాలు కావు కదా, మిషన్‌లో లేవు" అన్నాను. ఆవిడ "బాగుంది" అని పుస్తకం బీరువాలో పెట్టింది. పాత నోటుపుస్తకాలు ఇంటి చిత్తుకాగితాలతోపాటు నేనే తూకానికి వేశాను.

2019లో ఆవిడ పోయింది. ఆ తర్వాత ఒకరోజు బీరువాలో నా క్యాలికో పుస్తకం తీసి చూశాను. ముప్పై ఏళ్ళనాటి బైండింగు కొత్తదానిలా ఉంది. ఆవిడ దాన్ని మళ్ళీ తెరిచినట్టే లేదు. ఆ సంవత్సరం సంక్రాంతికి మా అమ్మాయి "నాన్నా, అమ్మ పాడే ఆ పెద్ద గొబ్బిపాట ఎలా ఉంటుంది?" అని అడిగింది. మాటలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఎత్తుకోవడం మాత్రం ఎవరికీ రాలేదు. తిరుమల రాగిరేకుల గతే మా ఇంట్లోనూ పట్టింది. అక్కడ కాలం చేసింది, ఇక్కడ నేను చేశాను.

భగవంతుడు పూర్తిగా చిన్నబుచ్చలేదు. ఆవిడ గాజులపెట్టె అడుగున పరిచిన కాగితాలు తీసి చూస్తే, పాత నోటుపుస్తకంలోని నాలుగు ఆకులు! ఊడిపోయిన ఆకులను అలా వాడుకుని ఉంటుంది. వాటి మీద మూడు పాటలు, గీతలతో సహా ఉన్నాయి.

మనవరాలు వాటిని ఫోన్‌లో ఫోటో తీసి, నాలుగు చార్టుషీట్లు అతికించి, అక్షరాలు చిన్నవి చేసి గీతలు పెద్దవి చేసి, ఇండియన్ ఇంకుతో మళ్ళీ గీసింది. దూరం నుంచి చూస్తే అది ముగ్గు. దగ్గరికి వస్తే పాట. ఆ కాగితం తీసుకుని అగనంపూడిలో ఉంటున్న మా మరదలి ఇంటికి వెళ్ళాం. ఆమెకు డెబ్భై దాటాయి, చూపు మందగించింది. గోడకు తగిలించి వేలితో ఒక్కొక్క గీతా చూపిస్తుంటే, కాసేపు ఊరుకుంది. తర్వాత ఒక మెలిక దగ్గర ఆగి, "ఇదేటి బావా, దీన్ని ఊపకూడదు. ఇక్కడ అక్క ఊపిరి తీసీది. పక్కోళ్ళు అందుకునీవోళ్ళు" అంది. నేను కెరటం అనుకున్నది విరామం అన్నమాట! ఏ పండితుడు చూసినా ఆ ముక్క చెప్పలేకపోయేవాడు. ఇంకో మెలిక దగ్గర ఆమెకే గుర్తు రాలేదు. "ఇది నాకూ తెలీదు, నీకెలగొస్తే అలగ పాడే అమ్మా" అని మనవరాలికి వదిలేసింది. పిల్ల తనకు తోచినట్టు పాడింది. మరదలు తల ఊపింది. "అక్క ఇలగ పాడలేదు. అయినా బాగుంది" అంది.

నాకు అప్పుడు బోధపడింది. కుడుమియాన్‌మలై రాయీ, ఎట్టయపురం పుస్తకమూ, చేర్యాల పటమూ, ఆ ఇంగ్లండు ఆయన గీతలూ, మా ఆవిడ మెలికలూ - ఎవరి పద్ధతి వారిది, ఎవరి స్థాయి వారిది. కాని అన్నీ ఒకటే కోరుతున్నాయి. "ఎవరైనా వచ్చి నన్ను పాడండి" అంటున్నాయి. గీతలో లేని సగాన్ని తెలిసినవాళ్ళు బతికి ఉండగా అడిగి తెలుసుకోవాలి. వాళ్ళు పోతే, మిగిలిన చోటును మన గొంతుతోనే నింపుకోవాలి. అలా నింపినప్పుడు, ఇది మనం నింపింది అని నిజాయితీగా చెప్పుకోవాలి. అన్నిటికన్నా ముందు, గీతను చెరపకుండా ఉండాలి. నలభై పాటల్లో మాకు దక్కినవి మూడు. తక్కినవి నా ఫెయిర్ కాపీలో శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉన్నాయి.

అందుకని సభ్యులకు నా మనవి. మీ ఇళ్ళలో అమ్మగారివో, అత్తగారివో, మీ ఆవిడవో పాటల నోటుపుస్తకాలు ఉంటాయి. వాటిని సాపు చేయకండి. గీత, కొట్టివేత, మరక - ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయించండి. ఆ పాట పాడగలిగినవాళ్ళు ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని, ఏ గీతకు ఏం చేస్తారో అడిగి, ఆ గొంతు ఫోన్‌లో పట్టించండి. పిల్లలను ఆ పని పెట్టండి, వాళ్ళకు ఫోన్లు మనకన్నా బాగా తెలుసు. మన సంఘం ఆఫీసులో ఒక బీరువా అర ఖాళీగా ఉంది. కార్యదర్శిగారు అనుమతిస్తే ఆ కాగితాల నకళ్ళు అక్కడ పెట్టుకుందాం. జాబితా నేను వ్రాస్తాను. ఈసారి గీతలకు కూడా ఒక గడి పెడతాను.

నా వెనక గోడకు తగిలించిన చార్టుషీటు అదే. మా మరదలూ మనవరాలూ వచ్చి ఉన్నారు, ఇప్పుడు దాన్ని చూసి పాడతారు. చుక్క కనబడిన చోట మీరంతా చప్పట్లు కొట్టాలి. అది మా ఆవిడ పెట్టిన చుక్క.